పుట్టింటి బిందె

మా ఇంటి బిందెను చూడడానికి మేమే టికెట్టు కొనుక్కోవాలట.

"పెద్దవాళ్ళకి సగం రేటే ఆంటీ," అంది మ్యూజియం కౌంటర్లో కూర్చున్న పిల్ల, మాకేదో మేలు చేస్తున్నట్టు.

మా మేనత్త పాష్కోల కళ్ళజోడు సవరించుకుని ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "అమ్మాయ్, మీ ఇంట్లో గిన్నెలు చూడాలంటే మీ అమ్మ నీ దగ్గర డబ్బులు పుచ్చుకుంటుందా?"

"అది కాదు ఆంటీ, రూలు..."

"నీ రూలు కాల్చా! మీ డైరెక్టరమ్మను పిలువు. పాష్కోల వచ్చింది, బిందె కోసం వచ్చింది అని చెప్పు."

డైరెక్టరమ్మ మీటింగులో ఉందట. గంట పడుతుందట. ఈలోగా గైడుతోపాటు లోపల తిరిగి చూడొచ్చట. వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. నేను పణజి పోస్టాఫీసులో కౌంటరు వెనక ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని. ఓపిక ఎలా ఉండాలో నాకు తెలుసు, ఉండదంతే. డబ్బులు బల్ల మీద విసిరి, టికెట్లు లాక్కుని, అత్తను రెక్క పట్టుకుని లోపలికి నడిపించాను.

మాకు గంటలు లేవు. మర్నాడే కొత్త వరికంకుల పండగ. మా ఊరి చర్చిలో ఫాదరీ కంకుల్ని దీవించగానే, మా ఇంటి పెద్ద ఆడమనిషి వాటిని రాగి బిందెలో పెట్టుకుని, పడవెక్కి ఏరు దాటి, సాంతేరి అమ్మవారి గుడికి తీసుకెళ్ళాలి. సాంతేరి మా ఆడపడుచు. మేం ఆమె పుట్టింటివాళ్ళం. పుట్టింటి సారె రాకపోతే ఏ ఆడపిల్ల మనసు ఎలా ఉంటుందో ఆమె మనసూ అంతే. మేం ఆదివారం చర్చికి వెళతాం, మెడలో సిలువ వేసుకుంటాం, చచ్చాక చర్చి వెనకాలే మట్టిలో కలుస్తాం. అయినా ఆమె మా ఆడపడుచే. ఇందులో మాకెప్పుడూ తికమక లేదు, తికమకంతా చూసేవాళ్ళదే.

పోర్చుగీసువాళ్ళు మా ఊరి గుడి పడగొట్టడానికి వస్తున్నారని తెలిసిన రోజున, పుట్ట రూపంలో ఉన్న అమ్మవారి నుంచి ఒక పెళ్ళ విరిచి, ఈ బిందెలో పెట్టి ఏరు దాటించారు. అవతలి ఒడ్డున ఆ పెళ్ళ చుట్టూనే కొత్త పుట్ట లేచింది. బిందె మాత్రం మా ఇంటికి తిరిగొచ్చింది. అప్పటినుంచి ఏటా సారె తీసుకెళ్ళినప్పుడు, అవతలివాళ్ళు ఆ పుట్టమన్ను మూడు వేళ్ళకు వచ్చినంత తీసి బిందె అడుగున వేసి పంపుతారు. దాని మీద పసుపాకు కప్పుతాం. పాత మన్ను తీయం, బిందె లోపల కడగం. ఏడాదికో చిటికెడు చొప్పున పడీ పడీ, మా నానమ్మ నాటికే బిందె సగానికి వచ్చింది. ఇంట్లో పీఠం కింద, అంటోనీ పునీతుడి బొమ్మ కింద ఉంటుంది. సారె సంగతి ఊరందరికీ తెలుసు. అడుగున ఏముందో మా ఇంటి ఆడవాళ్ళకీ, అవతల సారె అందుకునే ఇంటివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి బిందెను వానల ముందు మా అత్త ఈ మ్యూజియం వాళ్ళ చేతుల్లో పెట్టింది. నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే పీఠం కింద ఖాళీ.

"నన్నొక మాట అడక్కూడదా అత్తా?" అని ఒంటికాలి మీద లేచాను.

"ఎందుకే అరుస్తావు? మృణాల్ కేణీ అని చదువుకున్న పిల్ల. ఎంత మర్యాద! నేల మీద కూర్చుంది నాతోపాటు. 'ఆ రోజుల్లో మీ వాళ్ళు ఏం పడ్డారు పెద్దమ్మా' అని అడిగింది. ఇన్నేళ్ళ బతుకులో ఆ మాట నన్ను అడిగిన మనిషి ఇంకొకరు లేరే లిందా. మీ ఇల్లే దీన్ని కాపాడింది అని పెద్దక్షరాలతో రాసి పెడతానంది. పండక్కి వారం ముందే తెచ్చిస్తానంది."

ఆ వారమూ గడిచింది. ఫోను చేస్తే ఆఫీసువాళ్ళు ఇదిగో, అదిగో అన్నారు. అందుకే వచ్చాం. బిందె రేపు పడవెక్కాలి. ఎక్కకపోతే ఇన్ని తరాల్లో సారె ఆగిపోయింది పాష్కోల చేతిలోనే అవుతుంది. డెబ్భై అయిదు దాటిన మనిషికి రాత్రిళ్ళు నిద్ర పట్టనిది ఆ మాటకే.

గైడు నున్నగా దువ్వుకున్న కుర్రాడు. వాడి వెనకాల సెలవులకొచ్చిన కుటుంబాలు, ఒక కొత్త జంట, ఫోనెత్తి ప్రతిదీ వీడియో తీసుకుంటున్న ఒక పొట్టాయన. మొదటి గదిలో కాళ్ళూ చేతులూ కట్టి సాగదీసే బల్ల ఒకటి పెట్టారు. పక్కన నల్ల అంగీ తొడిగిన ఫాదరీ బొమ్మ, నాటకాల కంపెనీ గడ్డంతో.

"పోర్చుగీసు మతవిచారణ కోర్టువాళ్ళు ఈ బల్ల మీదే..." అని గైడు మొదలుపెట్టాడు.

అత్త ముక్కు బల్ల దగ్గర పెట్టి చూసింది. "వార్నిష్ వాసనొస్తోంది నాయనా. కిందటేడు చేయించారా?"

"ఇది నమూనా ఆంటీ. కొల్హాపూర్లో చేయించాం."

"చేయిస్తే చేయించారు. 'ఈ బల్ల మీదే' అనకు మరి."

కొత్త జంట బల్ల పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. ఆ పిల్ల చేతులు చాచి, నాలుక బయటపెట్టి, చచ్చినట్టు నటించింది. అందరూ నవ్వారు.

రెండో గదిలో గోడ నిండా అప్పటి నిషేధాలు రాశారు. తులసి మొక్క ఇంట్లో ఉండకూడదు. పెళ్ళిలో తాంబూలం పంచకూడదు. మంగళ స్నానాల పాటలు పాడకూడదు. పంచె కట్టకూడదు. గైడు ఒక్కొక్కటీ చదువుతూ, ఒకచోట ఆగి, చమత్కారం చెప్పబోతున్నవాడిలా నవ్వాడు. "ఇది వినండి. ఉప్పు వేయకుండా అన్నం వండకూడదు! హిందువులు అన్నంలో ఉప్పు వేయరు కదా. వేయకుండా వండితే పాత మతం వదల్లేదని పట్టుకునేవాళ్ళు."

"అయితే మా ఆవిణ్ణి రోజూ అరెస్టు చేయాలి!" అన్నాడు పొట్టాయన. ఘొల్లున నవ్వులు.

నేను గోడకేసి చూస్తూ నిలబడిపోయాను. మా అమ్మ అన్నం గిన్నెలో ఉప్పు వేయగానే గరిటె చేత్తో పట్టుకునే వసారాలోకి వచ్చి, "ఉప్పు వేశానే!" అని వీధిలోకి కేకేసేది. ఎవరితో? ఎవరితోనూ కాదు. మా నానమ్మా అంతేనట. పక్కింటి ఇనాసియా కూడా కేకేసేది. మధ్యాహ్నం పూట మా వీధంతా ఆడవాళ్ళ ఉప్పు కేకలే. పిల్లలం వెనకనుంచి వాళ్ళను వెక్కిరించేవాళ్ళం. పెద్దయ్యాక నాకూ ఆ జాడ్యం అంటుకుంది. కుక్కరు మూత పెట్టే ముందు నాకు తెలియకుండానే కిటికీ వైపు తిరిగి అనేస్తాను. "ఎవరికే చెబుతున్నావు, మున్సిపాలిటీకా?" అంటాడు మా ఆయన.

ఎవరికో ఇప్పుడు తెలిసింది. వీధిలో తిరిగే గూఢచారికి. ఎదురింటి చాడీకోరుకి. వాళ్ళు చచ్చి మట్టయిపోయి ఎన్ని తరాలైనా, మా అమ్మ తన సొంత వంటింట్లోంచి బయటికొచ్చి వాళ్ళకు సంజాయిషీ చెప్పుకుంటూనే బతికింది. నేను దాన్ని చూసి నవ్వాను. ఇక్కడ వీళ్ళూ నవ్వుతున్నారు. నా ఒళ్ళు భగ్గున మండింది. ఆ కోర్టువాళ్ళు ఎదురుగా ఉంటే పీక పిసికేదాన్ని. వాళ్ళు లేరు కాబట్టి, పొట్టాయన వైపు తిరిగాను.

"ఏంటండీ అంత నవ్వు? మీ ఆవిణ్ణి నిజంగా పట్టుకెళితే కూడా ఇలాగే పొట్ట పట్టుకుని నవ్వుతారా?"

"జోకండీ," అన్నాడాయన బిత్తరపోయి.

"జోకుకు నేను టికెట్టు కొనలేదు."

అత్త నా మోచెయ్యి గిల్లింది. "ఊరుకోవే. మనం వచ్చిన పనేంటి?" అంది. కానీ ఆవిడ గొంతూ బాగాలేదు. అత్త కూడా ఇంకా ఉప్పు కేక వేస్తుంది.

మూడో గది గుమ్మంలోనే గైడు గొంతు పెంచాడు. "ఇప్పుడు మన మ్యూజియంలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు చూడబోతున్నాం. ఆ రోజుల్లో ధైర్యం ఉన్నవాళ్ళు దేవుళ్ళను తీసుకుని ఏరు దాటారు. ధైర్యం లేనివాళ్ళు తల వంచి పేరు మార్చుకుని ఉండిపోయారు."

"అంటే ఇప్పుడున్న కిరస్తానీలంతా ఆ పిరికివాళ్ళ సంతానమేగా?" అన్నాడు పొట్టాయన. నా మీద కసి తీర్చుకున్నాడు.

గైడు ముసిముసిగా నవ్వాడు. "నేననలేదు సార్. చరిత్ర అంటోంది."

"చరిత్ర అంటోందా?" అత్త నా చెయ్యి విదిలించుకుని ముందుకెళ్ళింది. పూల గౌను, మెడలో బంగారు జపమాల, చేతిలో తడి గొడుగు. "దానికి నోరెక్కడిది నాయనా, నీకున్నంత? నేను చెబుతా విను. దాటినవాళ్ళకి పడవ కట్టిందెవరు? ఊరు ఖాళీ అయిందని తెలిస్తే సిపాయిలు వెంటపడతారని, ఇంటింటా పొయ్యి రాజేసి, పొగ లేచేలా చేసి కూర్చున్నదెవరు? మా ముత్తవ్వలు! ఇద్దరు అక్కచెల్లెళ్ళల్లో ఒకతి బిందెత్తుకుని పడవెక్కింది. ఇంకొకతి వెనకాల తలుపేసుకుని, సిపాయిలొస్తే నవ్వుతూ మజ్జిగ పోసింది. పొలాలు వదిలేసుకుని పోయినవాళ్ళు అవతల ఏం తిన్నారనుకున్నావు? గాలి తిన్నారా? ఉండిపోయినవాళ్ళు పండించి పంపిన బియ్యం తిన్నారు. ఉండిపోయినందుకు ఫాదరీలు వీళ్ళ నెత్తిన నీళ్ళు చల్లారు, పేరు మార్చారు, ఇంట్లోకొచ్చి కుండలు తీసి చూశారు. అన్నీ పడి ఉన్నారు. ఎందుకు? ఆడపిల్లకి పుట్టిల్లంటూ ఒకటి ఉండాలని! పిరికివాళ్ళట! పారిపోవడానికి పడవ చాలు. ఉండిపోయి చూడు, తెలుస్తుంది."

పొట్టాయన ఫోను అత్త మొహం మీదే ఉంది. నేను వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టాను.

"ఇది పబ్లిక్ ప్లేసు మేడమ్," అన్నాడు.

"ఆవిడ మొహం పబ్లిక్ కాదు. దించు."

దించాడు. అప్పుడు చూశాను, వాళ్ళందరి వెనకాల గాజు పెట్టెలో, లైట్ల కింద, మా బిందెను. మొదట పోల్చుకోలేకపోయాను. మసి పట్టి నల్లగా ఉండే బిందె పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. కింద పలక మీద ఇలా రాసి ఉంది: 'మతం మారినవారి కంట పడకుండా భక్తులు దేవిని నది దాటించిన బిందె.'

మా ఇంటి పేరు లేదు. మా ఊరి పేరు లేదు. మా కంట పడకుండా దాటించారట! మా చేతుల మీదుగా దాటిన దాన్ని, మా పీఠం కింద బతికిన దాన్ని!

నేను అత్తకు చదివి వినిపించాను. ఆవిడ రెండోసారి చదవమంది. చదివాను.

"పుండు మీద కారం," అంది మెల్లగా.

గొడవ విని మృణాల్ కేణీ మీటింగులోంచి పరుగెత్తుకొచ్చింది. నేత చీర, వెండి ముక్కుపుడక, నిజంగానే మర్యాదగల మొహం. ఆ మర్యాద చూసేసరికి నాకు ఇంకా మండింది.

"పెద్దమ్మా, నాకు ఫోను చేయకపోయారా, ఎదురొచ్చేదాన్ని."

"చేశాం. నాలుగు రోజుల్నుంచి చేస్తూనే ఉన్నాం," అన్నాను. "ఈ పలక రాసిందెవరు?"

ఆమె చూపు పలక మీదికి వెళ్ళి కిందికి జారింది. "నేను రాసింది వేరేనండీ. మీ ఇంటి గురించే రాశాను. ట్రస్టువాళ్ళు... డబ్బు పెట్టేది వాళ్ళు కదా, మార్చారు. నేను మాట్లాడుతున్నాను."

"ఎప్పటిదాకా మాట్లాడతారు? మేం కూడా చచ్చేదాకానా?"

"లిందా, ఆగు," అంది అత్త. "అమ్మా మృణాలూ, పలక సంగతి తర్వాత. రేపు పండగ. బిందె ఇచ్చెయ్యి."

"బయటికి తీస్తే తేమకి రాగి పాడవుతుంది పెద్దమ్మా. ఇది మీ ఒక్కరిదే కాదు, అందరి సంపద. కావాలంటే అచ్చం ఇలాంటిదే ఇంకొకటి చేయించి..."

"కొల్హాపూర్లోనా?" అన్నాను.

మృణాల్ మొహం ఎర్రబడింది. అత్త గాజు మీద అరచెయ్యి ఆనించి, "ఒక్కసారి చేతికియ్యి, తల్లీ. ఎత్తుకుని చూసి పెట్టేస్తాను," అంది. అంత బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. మృణాల్ వాచ్‌మన్‌కి సైగ చేసింది. అతను తాళం తీశాడు.

ఆ బిందె ఎత్తడానికి మా ఇంట్లో ఒక పద్ధతుంది. మోకాళ్ళు కొంచెం వంచి, పాదాలు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున నడుం మీదికి లాగాలి. సగం దాకా మన్నున్న బిందె బరువు అలాంటిది. అత్త అలాగే నిలబడింది, అలాగే లాగింది. బిందె చివ్వున గాల్లోకి లేచి ఆవిడ గడ్డానికి తగిలింది. అత్త వెనక్కి తూలింది. నేను పట్టుకోకపోతే పడిపోయేది.

ఆవిడ బిందెలోకి తొంగి చూసింది. నేనూ చూశాను. అడుగున మా ఇద్దరి మొహాలూ కనబడ్డాయి.

"లోపలిదేదీ?" అంది అత్త.

"శుభ్రం చేయించాం పెద్దమ్మా," అంది మృణాల్, సంతోషంగానే. "పుణె నుంచి నిపుణుణ్ణి పిలిపించాం. మన్ను సగానికి పేరుకుపోయి రాగిని తినేస్తోంది. ఇంకొన్నేళ్ళయితే చిల్లు పడేది."

"ఆ మన్నేదీ?"

"పారేశారు. వెనక కాలవలో అనుకుంటా."

వానాకాలం కాలవ. రెండు నెలల వాన. నా నోట్లోంచి ఏం మాటలొచ్చాయో నాకు గుర్తులేదు. పోస్టాఫీసులో ఎవరైనా అలా మాట్లాడితే పోలీసుల్ని పిలుస్తాం. వాచ్‌మన్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. గైడు ఎక్కడికో మాయమయ్యాడు. మృణాల్ తెల్లబోయి, "నేనడిగానండీ!" అంది. "తీసుకెళ్ళే రోజునే అడిగాను. లోపలేముంది పెద్దమ్మా అని. 'ఏం లేదు, ఉత్త మన్ను' అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అన్నారు. ముఖ్యమైనదని ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా?"

నేను అత్త వైపు తిరిగాను. ఆ మొహం చూడగానే తెలిసిపోయింది. అని ఉంటుంది. నేనున్నా అదే అనేదాన్ని.

మా ఇంట్లో ఆడపిల్లకు ప్రార్థనలకంటే ముందు నేర్పే మాట అది. అంగీ తొడుక్కున్నవాడు గానీ, టోపీ పెట్టుకున్నవాడు గానీ, చేతిలో కలం ఉన్నవాడు గానీ బిందెలో ఏముందని అడిగితే, 'ఏం లేదు, ఉత్త మన్ను' అనాలి. తడబడకూడదు. బిందె వైపు చూడకూడదు. నా చిన్నప్పుడు అత్త నాకు జడ వేస్తూ వేస్తూ హఠాత్తుగా, "బిందెలో ఏముందే?" అని గద్దించేది. ఒకసారి నేను నీళ్ళు నమిలితే నెత్తిన మొట్టింది. ఎన్ని సోదాల్లో ఆ మాట ఆ బిందెను కాపాడిందో లెక్క లేదు. చూశారు, చీదరించుకున్నారు, పోయారు. సోదాలు చేసినవాళ్ళు ఆ మాట విని వదిలేసి పోయారు. ఈ మంచి మనిషి అదే మాట నమ్మి కడిగించేసింది. గద్దించి అడిగినవాడికీ, నేల మీద కూర్చుని ప్రేమగా అడిగినదానికీ మా అత్త నోరు ఒకటే జవాబు చెప్పింది. ఆ నోటికి ఇంకొకటి రాదు.

ఆ నోటిని అలా తయారుచేసినవాళ్ళ మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. వాళ్ళ సమాధుల మీద పాలరాయి ఉంది, లాటిన్లో పొగడ్తలున్నాయి. మా ఇంటి దేవత కాలవలో కలిసింది.

మృణాల్‌కి అప్పటికి అర్థమైంది. ఎవరూ విడమరిచి చెప్పలేదు, మా మొహాలే చెప్పాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తీసుకెళ్ళండి పెద్దమ్మా. ఇప్పుడే తీసుకెళ్ళండి. ట్రస్టువాళ్ళకి నేను చెప్పుకుంటాను," అని బిందె మీద చేతులు వేసి అత్త వైపు జరిపింది.

"నేను తీసుకెళ్ళను," అంది అత్త. "నువ్వు తీసుకురా. రేపు చర్చి అయ్యాక మా రేవుకొచ్చెయ్. నువ్వే ఎత్తుకుని దాటు. అవతల అడుగుతారు. అడిగినప్పుడు నువ్వే చెప్పు."

"ఈ మనిషినెందుకత్తా అక్కడికి!" అని అరిచాను.

"మరి నువ్వు చెబుతావా?" అంది.

తెల్లారి చర్చిలో కంకుల దీవెన అయ్యేసరికి వాన పట్టుకుంది. బాజాలవాళ్ళ సన్నాయిల్లో నీళ్ళు పోయి బొంగురుగా మోగాయి. టపాకాయలు తుస్సుమన్నాయి. మృణాల్ మాత్రం చెప్పిన వేళకే రేవులో నిలబడి ఉంది, చెప్పులు చేతిలో పట్టుకుని, బిందెను శాలువాలో చుట్టి. అత్త శాలువా తీసేసి, అడుగున పచ్చి పసుపాకు పరిచి, కంకులు పేర్చి, బిందెను మృణాల్ నడుం మీద పెట్టింది. అలవాటు లేని నడుం, జారిపోతోంది. ఎవరూ సాయం పట్టలేదు. పడవలో అత్త ఆమెతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

అవతలి గుడి గుమ్మంలో ద్వారకాబాయి ఎదురుచూస్తోంది. సారె అందుకునే ఇంటి పెద్ద ఆవిడే. మా అత్త ఈడుదే, నోట్లో నాలుగు పళ్ళు తక్కువ.

"ఏం వియ్యపురాలా, ఇంత ఆలస్యం?" అని అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. "మొహానికి పౌడరు పూసుకోవడం తెమల్లేదా? ఇదేంటి, ఈసారి మోయడానికి కూలిమనిషిని పెట్టావా? పుట్టింటివాళ్ళు బాగా బలిశారే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ప్రతిసారీ ఇలాగే అంటుంది. ప్రతిసారీ అత్త, "మీ ఇంటి పప్పు తిని బలవలేదులే" అనో ఇంకోటో అప్పజెబుతుంది. ఈసారి ఏమీ అనలేదు. ద్వారకాబాయి నవ్వు ఆగిపోయింది.

కంకులు తీసి పళ్ళెంలో పెట్టింది. పసుపాకు తీయడానికి చెయ్యి లోపల పెట్టింది. ఎప్పుడూ మణికట్టు దాకా వెళ్ళే చెయ్యి మోచేతి దాకా పోయింది. అడుగున వేళ్ళు తడిమాయి. ఆకు పైకి తీసి, మళ్ళీ తడిమింది.

"మన్నేదే పాష్కోలా?"

అత్త మృణాల్ భుజం పట్టుకుని ముందుకు నెట్టింది.

"నేను... కడిగించేశానండీ," అంది మృణాల్. "నాకు తెలియక."

"ఏంటీ?"

"మన్నంతా తీయించి పారేయించాను. తప్పు నాదే."

గుడిలో గుసగుసలు లేచాయి. కమిటీ కుర్రాడొకడు, "ఏ మన్ను? ఏం పారేశారు? అమ్మవారి వస్తువు కిరస్తానీ ఇంట్లో పెడితే ఇంతే మరి," అన్నాడు. నేను వాడి మీదికి వెళ్ళబోయాను, ద్వారకాబాయి నాకంటే ముందే తిరిగింది.

"నోర్ముయ్యరా! నీ తాత వీళ్ళ ఇంటి బియ్యం తిని పెరిగాడు."

అత్త అప్పుడు నోరు తెరిచింది. "పిల్ల కడిగింది నిజమే, ద్వారకా. ఉత్త మన్ను అని చెప్పింది నేను. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను. మంచీ చెడ్డా చూసుకోకుండా నోట్లోంచి వచ్చేసింది."

ద్వారకాబాయి పరవాలేదనలేదు. ఎందుకంటుంది, పరవాలేదా? లోపలికెళ్ళి, పుట్ట దగ్గర వంగి, మూడు వేళ్ళతో మన్ను విరిచి, ఎప్పటిలాగే ఎవరికీ కనబడకుండా కొంగు చాటున తెచ్చింది. దీపాల వేడికి ఎండి గట్టిపడిన మన్ను, చిన్న చిన్న గులకల్లా ఉంది. డప్పులవాళ్ళు అలవాటు ప్రకారం ఆపారు. ఆవిడ చెయ్యి బిందె మీద పెట్టి వేళ్ళు వదిలింది.

నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. మన్ను మీద మన్ను పడితే చప్పుడు ఉండదు. ఆ రోజు ఆ గులకలు ఒట్టి రాగి మీద పడి ఖణఖణ మోగాయి. గుడి మొత్తానికి వినబడింది.

అత్త మృణాల్ వైపు తిరిగి, "విన్నావా?" అంది.

మృణాల్ తల ఊపింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఓదార్చడానికి ఎవరూ కదల్లేదు, నేనూ కదల్లేదు.

ద్వారకాబాయి ఆకు కప్పి బిందెను అత్తకు అందించబోయింది. అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. "లిందాకియ్యి," అంది. "ఇక అదే మోస్తుంది."

నేను మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి అందుకున్నాను. పిల్లి పిల్లంత బరువు లేదు. పడవ అలలకు ఊగినప్పుడల్లా ఆ చిటికెడు మన్ను ఆకు కింద అటూ ఇటూ దొర్లుతూ మోగుతోంది. అత్త రెండు చేతులతో చెవులు మూసుకుని, మా రేవు వచ్చేదాకా అలాగే కూర్చుంది.